పేట సంఘాలకి చిన్న గ్రాంటు ఇవ్వాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలి

మీరు ఓ పదిమంది ఫ్రెండ్సో, ఒకే కాలేజీ బ్యాచ్ వాళ్లో, ఒకే అపార్ట్‌మెంట్ వాళ్లో కలిసి ఏడాదికి ఓ రెండు లక్షలు పక్కన పెట్టగలరు అనుకుందాం. బ్యాగులు పంచడం, దుప్పట్లు పంచడం చేసి చేసి విసుగొచ్చింది, ఈసారి ఆ డబ్బు ఇప్పటికే ఏదో ఒక పని చేసుకుంటున్న సంఘాలకి ఇద్దాం అనిపించింది. అది డ్వాక్రా గ్రూపు కావచ్చు, విజయవాడ విద్యాధరపురం కొండ మీద సాయంత్రం పూట పిల్లలకి చదువు చెప్పే కుర్రాళ్లు కావచ్చు, మంగళగిరిలో మగ్గం పని చేసే ఆడవాళ్లు కావచ్చు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిర్చికి తాలు ఏరి తొడిమలు తీసే కూలీల గ్రూపు కావచ్చు. ఇదేం కొత్త సంగతి కాదు, ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌డీపీ నడిపే గెఫ్ (ప్రపంచ పర్యావరణ నిధి) స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రాం 1992 నుంచి వందకి పైగా దేశాల్లో ఊరి సంఘాలకి డబ్బిస్తోంది. వాళ్ల లెక్కలో చిన్న గ్రాంటంటే వేల డాలర్లు, మన లెక్కలో 15 వేల రూపాయలు, కానీ చిక్కులు మాత్రం అవే: ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి, ఇచ్చాక ఎంతవరకు అడగాలి.

ముందు డబ్బు ఎక్కడుంటుందో తేల్చుకోండి

అందరూ చేసేదేంటంటే ఎవరో ఒకరి ఫోన్‌పేకి తలా ఇరవై వేలు కొట్టేసి "నువ్వు చూసుకో రా" అనడం. ఇది వద్దు. చుట్టాలు కాని వాళ్ల దగ్గర్నుంచి ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు 50 వేలు దాటిందంటే దాటిన ముక్కే కాదు మొత్తం అతని ఆదాయం కింద లెక్కేస్తారు, మంచి పనికి పోయి పాపం వాడు నోటీసు అందుకోవాల్సి వస్తుంది. ఇంకో సంగతి, రిజిస్టర్ కాని సంఘానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది, కాబట్టి అలాంటి సంఘానికి ఏడాది మొత్తం మీద 50 వేలు దాటకుండా చూసుకోవడం అందరికీ సుఖం.

మొదటి ఏడాదికి తేలికైన దారి, డబ్బు ఎవరి అకౌంట్లో వాళ్లే ఉంచుకుని సంఘం ఖాయమయ్యాక ఇద్దరో ముగ్గురో నేరుగా ఆ సంఘం అకౌంటుకే పంపడం. ఎవరు ఏ సంఘానికి పంపారో ఒక షీట్లో రాసుకుంటే సరిపోతుంది. రెండోది, మీకు నమ్మకం ఉన్న రిజిస్టర్డ్ సొసైటీ ఉంటే దాని ద్వారా ఇవ్వడం. సొంతంగా సొసైటీ పెట్టుకోవాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురుంటే చాలు, కానీ ఏటా లిస్టు దాఖలు చెయ్యాలి, ఆడిట్ చేయించాలి, ఆ ఓపిక ఉందో లేదో ఒక ఏడాది పని చేశాక చూసుకోండి, ముందే పేరు, లోగో, లెటర్‌హెడ్ అని కూర్చుంటే సగం ఉత్సాహం అక్కడే ఖర్చయిపోతుంది. 80జి, అంటే విరాళం మీద వచ్చే ట్యాక్స్ మినహాయింపు, గురించి అడిగే వాళ్లుంటారు, కొత్త ట్యాక్స్ విధానంలో ఉన్న వాళ్లకి దాని వల్ల ఉపయోగమే లేదు, పాతదాంట్లో ఉన్నా రెండు వేలు దాటిన డొనేషన్ క్యాష్‌గా ఇస్తే లెక్కలోకి రాదు.

అమెరికా వాళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ బ్యాచ్ తీసుకున్నా సగం మంది అక్కడే ఉంటారు. మీ ఫ్రెండుకి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, ఇబ్బంది లేదు. అదే పౌరసత్వం మారిపోయి ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లయితే చట్టం దృష్టిలో వాళ్లది విదేశీ డబ్బే, విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం అది తీసుకోకూడదు. పోనీ ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ద్వారా ఇప్పిద్దాం అంటే 2020 సవరణ తర్వాత ఆ సంస్థ కూడా విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి పంచడానికి లేదు. మీకేం కాకపోయినా డ్వాక్రా లీడరమ్మ ఇరుక్కుంటుంది, అందుకే ఎంత దగ్గర ఫ్రెండైనా పాస్‌పోర్టు సంగతి మొహమాటం లేకుండా అడిగెయ్యండి.

ఎంతివ్వాలి

నా లెక్క ఒకటే. ఆ సంఘం ఏడాదిలో సొంతంగా పోగేసి ఖర్చుపెట్టుకునే డబ్బు ఎంతో, మీ గ్రాంటు దానికి అటూ ఇటూగా ఉండాలి గానీ దాన్ని మింగేసేంత ఉండకూడదు. పదిమంది ఉన్న గ్రూపు నెలకి తలా వంద పొదుపు చేస్తే ఏడాదికి 12 వేలు, రెండొందలైతే 24 వేలు. అలాంటి గ్రూపుకి 15, 20 వేలు ఇస్తే చక్కగా వాడుకుంటారు. లక్ష ఇచ్చారనుకోండి, ఆ రోజు నుంచి మీటింగుల్లో పొదుపు మాట పోయి లక్ష మాటే నడుస్తుంది, ఎప్పుడో మానేసిన మెంబరు కూడా మళ్లీ వచ్చి కూర్చుంటుంది, లీడరు మీద అనుమానాలు మొదలవుతాయి, ఆవిడ తప్పు చెయ్యకపోయినా సరే.

వాళ్లు బ్యాంకు లోను లక్షల్లో తీసుకుంటారు కదా అని మీరనొచ్చు. నిజమే, కానీ అది వచ్చిన రోజే ఎవరి వాటా వాళ్లు పంచుకుని ఎవరి కిస్తీ వాళ్లు కట్టుకునే డబ్బు. ఇది అందరిదీ కలిపి ఒకే పనికి పెట్టాల్సిన డబ్బు, ఎవరిదీ కానిది. లోను బాగా కట్టే గ్రూపు ఉమ్మడి పని కూడా బాగా చేస్తుందని గ్యారంటీ ఏమీ లేదు, రెండూ వేరు వేరు అలవాట్లు.

సంఘాలని వెతకడం

"గ్రాంట్లు ఇస్తున్నాం, అప్లై చేసుకోండి" అని వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్ తిప్పకండి. తిప్పితే వచ్చేది అప్లికేషన్ రాయడం వచ్చిన వాళ్లు, మీక్కావల్సింది పని చెయ్యడం వచ్చిన వాళ్లు. టౌన్లో అయితే డ్వాక్రా గ్రూపుల్ని చూసుకునే మెప్మా ఆర్పీలు (రిసోర్స్ పర్సన్లు) ఉంటారు, పల్లెల్లో అదే పని చేసే వీవోఏ (గ్రామ సంఘం అసిస్టెంట్) ఉంటుంది, వాళ్లకి ఏ గ్రూపు నడుస్తోందో ఏది పేరుకే ఉందో నోటికి వచ్చు. కాకపోతే ఆర్పీ సహజంగా తన మాట వినే గ్రూపు పేరే ముందు చెబుతుంది. అందుకని అదే పేటలో అంగన్‌వాడీ టీచర్నీ, ఆశా వర్కర్నీ, సందు మొదట్లో టిఫిన్ బండి ఆవిడనీ విడివిడిగా అడగండి. "ఇక్కడ ఏదైనా పని పడితే ముందు ఎవరొస్తారండీ" అంటే చాలు, గ్రాంటు మాట ఎత్తొద్దు. ముగ్గురూ ఒకే పేరు చెప్పారంటే అక్కడికి వెళ్లండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ఏ పేరూ లేని కుర్రాళ్ల గుంపులు నడుంలోతు నీళ్లల్లో పాల ప్యాకెట్లు, మందులు మోశాయి. వాటిల్లో చాలామటుకు నీళ్లు తీశాక ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారు, అది సహజమే. కొన్ని మాత్రం ఆ తర్వాత కూడా కలుస్తూ డ్రైను పూడిక గురించి కార్పొరేషన్ చుట్టూ తిరగడమో, ఇంకేదో చేస్తూ ఉంటాయి. అలాంటిది మీ కంట పడితే వదలొద్దు, లెటర్‌హెడ్ లేకపోయినా సరే.

వినాయక చవితి కమిటీలని కూడా తీసిపారెయ్యకండి. నవ్వొచ్చేమో గానీ మన ఊళ్లో చందా లెక్కలు ఇంత బహిరంగంగా చూపించేది వాళ్లొక్కళ్లే, ఎవరు ఎంతిచ్చారో మైకులో చదువుతారు, ఫ్లెక్సీ మీద వేస్తారు. నిమజ్జనం అయ్యాక కూడా నడిచే కమిటీ ఏదైనా ఉంటే, రక్తదానమో లైబ్రరీయో నడుపుతుంటే, గట్టి సంఘమని అర్థం. అసలు చందాలతో ఊరి పని నడపడం ఇక్కడ పాత అలవాటే, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే కదా, ఆ రోజుల్లో ఊరూరా గ్రంథాలయాలు లేచింది కూడా ఇలా తలా కొంచెం వేసుకునే.

వెళ్లి చూడటం

దీనికి ఎక్కువ టైం ఇవ్వండి, మిగతావన్నీ కొంచెం అటూఇటూ అయినా పర్లేదు. వాళ్ల మామూలు మీటింగుకి వెళ్లండి, మీ కోసం పెట్టిన మీటింగుకి కాదు. మీ కోసం పెడితే కుర్చీలు, శాలువా, కూల్‌డ్రింకు వస్తాయి, సంఘం కనపడదు. కూలిపనికి వెళ్లే వాళ్లయితే రాత్రి ఏడు దాటాకే మీటింగు, మీరే సర్దుకోవాలి.

మినిట్స్ పుస్తకం, పాస్‌బుక్ అడగండి, మర్యాదగా, "ఒకసారి చూడొచ్చా అమ్మా" అని. మినిట్స్ అంతా ఒకే పెన్నుతో ఒకే రోజు రాసినట్టుంటే తెలిసిపోతుంది. సంతకాలు నెల నెలా కాస్త మారుతూ, మధ్యలో వేలిముద్రలు, కొట్టివేతలు ఉంటే అది నిజం పుస్తకం. పాస్‌బుక్‌లో చూడాల్సింది బ్యాలెన్స్ కాదు, ప్రతినెలా ఏదో ఒకటి పడుతోందా లేదా అని.

తర్వాత కూర్చుని మాట్లాడండి. నాకు బాగా పనికొచ్చే ప్రశ్న "మీలో మీకు ఈ మధ్య దేని మీద గొడవొచ్చింది, ఎలా తేల్చుకున్నారు" అన్నది. మాకు గొడవలే రావండీ అంటే ఒక్కళ్లే అన్నీ నడుపుతున్నారని అనుమానించాలి. ఫలానా ఆవిడ కిస్తీ కట్టకపోతే ఇట్లా కూర్చున్నాం, అట్లా మాట్లాడుకున్నాం అని నలుగురూ నాలుగు రకాలుగా చెబుతుంటే ఆ సంఘం బతికున్నట్టు. ఇంకొకటి గమనించండి, ఆడవాళ్ల సంఘంలో సమాధానాలన్నీ గుమ్మం దగ్గర నిలబడ్డ లీడరు గారి భర్త చెబుతున్నాడా? అతన్ని టీకి తీసుకెళ్లే బాధ్యత మీలో ఒకరు తీసుకోండి, లోపల మాట్లాడేవాళ్లు లోపల మాట్లాడుకుంటారు. మీటింగు ఎవరి వీధిలో, ఎవరి గుడి అరుగు మీద పెడుతున్నారు, దానివల్ల రాలేని కులం వాళ్లు ఎవరైనా ఉన్నారా అనేది ఎవర్నీ నేరుగా అడగక్కర్లేదు, రెండుసార్లు వెళ్తే మీకే కనపడుతుంది. పార్టీ జెండా మోసే సంఘమా అంటే, ఎవరికో ఒకరికి ఓటేస్తారు, అది వాళ్లిష్టం, సంఘం పుస్తకం పార్టీ ఆఫీసులో ఉంటే మాత్రం వద్దు.

అప్లికేషన్ ఒక్క పేజీ

తెలుగులో, చేత్తో రాసింది చాలు. రాయలేకపోతే వాట్సాప్‌లో వాయిస్ పంపమనండి, మీలో ఒకరు విని రాసుకుని మళ్లీ వాళ్లకి చదివి వినిపించండి. అడగాల్సినవి: మీరు ఎంతమంది, ఎప్పట్నుంచి, ఏం చేస్తున్నారు, ఈ డబ్బుతో ఏం కొంటారు లేదా ఏం చేస్తారు, మీ వైపు నుంచి ఏం వేస్తున్నారు, ఆ వస్తువు ఎవరింట్లో ఉంటుంది, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు. చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు, అసలు గొడవలన్నీ అక్కడే. గ్రైండరు కొన్నారనుకోండి, అది లీడరు ఇంట్లో ఉంటే కరెంటు బిల్లు ఎవరిది, పండగకి లీడరు సొంత పిండి రుబ్బుకుంటే ఏంటి, ఇవన్నీ కొనక ముందే వాళ్లతోనే మాట్లాడించి తీర్మానం రాయించండి.

"వాళ్ల వైపు నుంచి" అంటే డబ్బే అక్కర్లేదు. కొండ మీద ట్యూషన్ సెంటర్ వాళ్లు ఒక గది ఇస్తారు, రోజూ ఇద్దరు వచ్చి చెబుతారు, మీరు బోర్డు, చాపలు, లైట్లు, ఇన్వర్టర్ బ్యాటరీ ఇస్తారు. అది చాలు.

అడిగిందే ఇవ్వండి. వాళ్లు శామియానా, కుర్చీలు, వంట గిన్నెలు కొని అద్దెకి ఇచ్చుకుంటాం అంటే మీకు అది సేవలా కనిపించకపోవచ్చు, కుట్టుమిషన్లు అయితే ఫోటోకి బాగుంటుంది అనిపించొచ్చు. వాళ్ల సందులో ఇప్పటికే కుట్టుమిషన్లు ఎన్ని ఉన్నాయో, చావుకీ పెళ్లికీ గిన్నెల కోసం ఎంత అద్దె కడుతున్నారో వాళ్లకి తెలుసు, మీకు తెలీదు.

డబ్బు పంపేటప్పుడు

సంఘం పేరున, ఇద్దరు సంతకం చేస్తేనే తియ్యగలిగే అకౌంటుకే పంపండి. లీడరు సొంత నంబరుకి కొట్టొద్దు, ఎంత మంచావిడ అయినా, అసలు ఆవిడ మంచి కోసమే. పంపే ముందు ఒకటి కచ్చితంగా అడగండి: ఆ అకౌంటు మీద లోను కిస్తీ బాకీ ఉందా అని. ఉంటే మీరు పంపిన గ్రాంటుని బ్యాంకు ఆ బాకీ కింద పట్టుకునే అవకాశం ఉంది, తర్వాత మేనేజర్ దగ్గర మొత్తుకున్నా మొహం మాడ్చుకుని రావడమే. బాకీ ఉన్నా, అకౌంటే లేకపోయినా, సంఘం వాళ్లు తెచ్చిన కొటేషన్ మీద షాపుకే నేరుగా ట్రాన్స్‌ఫర్ చేసి బిల్లు సంఘం పేరున రాయించండి. షాపు మాత్రం వాళ్లే ఎంచుకోవాలి. బీసెంట్ రోడ్డులో రెండొందలు తక్కువకి దొరుకుతుందని మీరు వేరే చోట కొనిస్తే రిపేరుకి వాళ్లు మళ్లీ అంత దూరం రావాలి.

20 వేల లోపైతే ఒకేసారి ఇచ్చెయ్యండి, విడతలు పెట్టొద్దు. ఖాయం చేశాక రెండు వారాల్లో డబ్బు పడాలి. ట్యూషన్ సెంటర్‌కి జూన్‌లో కావాలి, ఆగస్టులో ఇస్తే సగం పిల్లలు వేరే చోట చేరిపోయి ఉంటారు. మిర్చి కూలీలకి సీజన్ దాదాపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, అప్పుడు వాళ్లకి ఊపిరాడదు, వాళ్లతో మాటలు, తీర్మానాలు అన్నీ మే నెలలో యార్డుకి సెలవులిచ్చాక పెట్టుకోండి.

ఫ్లెక్సీ వద్దు. చెక్కు అట్టముక్క అంత పెద్దది చేయించి పదిమంది పట్టుకుని దిగే ఫోటో అసలే వద్దు. ఇచ్చింది 15 వేలు, అందులో రెండు వేలు ఫ్లెక్సీకి, వెయ్యి శాలువాలకి పెట్టిస్తే మీరిచ్చింది 12 వేలే. పైగా రేపు ఆ ఫోటో చూసి లోకల్ లీడరొకాయన "మాకు చెప్పకుండా ఎవరిచ్చారు" అని సంఘాన్ని పిలిపిస్తాడు, ఆ తలనొప్పి వాళ్లకి.

ఇచ్చిన తర్వాత

బిల్లులు ఫోటో తీసి వాట్సాప్ చెయ్యమనండి, మూడు నెలలకి ఒకసారి ఒక వాయిస్ మెసేజ్, ఆరు నెలలకి మీరు ఒకసారి వెళ్లడం, అంతే. 15 వేలకి పది పేజీల రిపోర్టు అడిగితే వాళ్లు ఇంటర్నెట్ సెంటర్లో ఎవరికో ఐదొందలిచ్చి రాయిస్తారు, అందులో ఉన్నది ఏదీ నిజం కాదు, మీకూ తెలుసు, వాళ్లకీ తెలుసు.

అనుకున్నది కాకుండా వేరేదానికి వాడితే ఏం చెయ్యాలి? ముందు ఎప్పుడు చెప్పారో చూడండి. "అన్నా, బ్యాటరీ కొందామనుకున్నాం గానీ వానకి రేకులు ఎగిరిపోయినయ్, అవి వేయించాం" అని వాళ్లే ఫోన్ చేసి చెప్పారంటే అది మంచి సంఘం, మినిట్స్‌లో తీర్మానం రాసుకోమని చెప్పి వదిలెయ్యండి. మీరు వెళ్లేదాకా చెప్పకపోతే మీటింగులో అందరి ముందు కూర్చుని అడగండి, లీడర్ని పక్కకి పిలిచి కాదు. డబ్బు నిజంగా ఒకరు తినేశారని తేలితే తిరిగి రాబట్టడానికి పోలీసు, కోర్టు అని వెళ్లకండి, ఆ మొత్తానికి అంత అవసరం లేదు, మిగతా మెంబర్లకి విషయం స్పష్టంగా చెప్పి ఆపెయ్యండి. అసలు మొత్తం చిన్నదిగా పెట్టుకోమన్నది కూడా ఇందుకే.

బాగా నడిచిన సంఘానికి రెండో ఏడాది కూడా ఇవ్వొచ్చు, మూడో ఏడాదికి మాత్రం మీ చేతి నుంచి పెద్ద చేతికి అందించే పని మొదలుపెట్టండి. పచ్చళ్లో కారమో పొడులో చేసే డ్వాక్రా గ్రూపైతే 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో (చిన్న ఫుడ్ యూనిట్లకి సాయం చేసేది) మెంబరుకి 40 వేల దాకా సీడ్ క్యాపిటల్, అంటే మొదలుపెట్టడానికి డబ్బు, పెట్టారు, అది ఇంకా నడుస్తోందో లేదో కనుక్కోండి, నడుస్తుంటే వాళ్ల సమాఖ్య ద్వారా వెళ్లాలి, మీరు ఆ కాగితాలకి తోడు వెళ్లండి, అది 20 వేల గ్రాంటు కంటే ఎక్కువ సాయం. కుర్రాళ్ల సంఘం పెద్దదవుతుంటే సొసైటీగా రిజిస్టర్ చేయించి, తర్వాత పన్ను మినహాయింపులకి 12ఎ, 80జి, ఆ పైన కంపెనీల సీఎస్ఆర్ డబ్బు అందుకోవడానికి సీఎస్ఆర్-1 ఫారం, వరసగా ఏళ్లు పడుతుంది. అందరికీ ఇది అక్కర్లేదు. పన్నెండుమంది ఆడవాళ్లు నెలకోసారి కూర్చుని గిన్నెలు అద్దెకిచ్చుకుంటూ హాయిగా ఉంటే వాళ్లని ఎన్జీవో చెయ్యాల్సిన పనిలేదు.

ఎంపికలో రెండో ఏడాది నుంచి పాత సంఘాల వాళ్లని ఇద్దరిని కూర్చోబెట్టండి, వాళ్ల రాను పోను ఆటో ఖర్చు, ఆ రోజు కూలి మీరే ఇవ్వండి. కాగితం చూసి మీరు ఆహా అన్నదాన్ని పాత సంఘం నుంచి వచ్చిన ఆవిడ ఒక్క ప్రశ్నతో తేల్చేస్తుంది, "ఆ వీధిలో నీళ్లు వారానికి రెండుసార్లే వస్తాయి, ఈళ్లు హోటలుకి ఇడ్లీ పిండి ఎట్టా ఇస్తారు" అని.

ఇక ఇవ్వలేకపోయిన సంఘాలు. నాలుగు చూసి ఒకదానికి ఇస్తారు, మిగతా మూడిటికీ ఏం చెప్పకుండా ఊరుకోవడం మనవాళ్లకి బాగా అలవాటు, "చూద్దాం అమ్మా" అని తప్పించుకుంటారు, వాళ్లేమో ప్రతి మీటింగులో మీ పేరెత్తి ఎదురుచూస్తుంటారు. తేలిన వారంలోనే ఫోన్ చేసి ఈసారి ఇవ్వట్లేదని, ఎందుకో ఒక్క ముక్కలో చెప్పండి: పుస్తకం మార్చి నుంచి రాయలేదనో, అడిగింది మా దగ్గరున్న దానికంటే పెద్దదనో. వచ్చే ఏడాది మళ్లీ అడగొచ్చు అని నిజంగా అనుకుంటేనే ఆ మాట అనండి.